మెస్ లెక్కల పుస్తకం

బీఎస్సీ రెండో ఏడు, ఫిజిక్సు.
సాంబారులో పురుగొచ్చిందని
పళ్ళెం పట్టుకొని వార్డెన్ గది ముందర నిలబడినా.
సుగుణ మేడం పురుగును చూడలేదు, నన్ను చూసింది.
"అంత బాధగా ఉంటే నువ్వే చేయించు" అని
ఎర్ర అట్ట పుస్తకం చేతిలో పెట్టింది.
అదీ నా ఎన్నిక.
నామినేషన్ లేదు, పోటీ లేదు,
చచ్చిన పురుగొకటి నా తరఫున ప్రచారం చేసింది.

తెల్లారి నాలుక్కు
వంటమాస్టరు మునస్వామి మోపెడ్ వెనక
ఖాళీ గోనెసంచులు ఒళ్ళో పెట్టుకొని కూచునేదాన్ని.
తిరుమల ఘాట్ రోడ్డు దీపాలు
ఎవరో సగం గుచ్చి వదిలేసిన దండలా వేలాడేవి.
అందరూ తలెత్తి దండం పెట్టే ఊళ్ళో
నేను తల దించుకొని నడవడం నేర్చుకున్నా,
క్యాబేజీ రొట్ట మీద, బురద మీద,
హమాలీల కాళ్ళ సందుల్లో.

మొదటిరోజే మోసపోయినా.
టమాటా పెట్టెలో పైవరస ఎర్రగా నవ్వింది.
కింద రెండు వరసల ఏడుపు
మధ్యాన్నం రసంలో నూట నలభై మంది తాగినారు.
షమీమ్ రెండు దినాలు నాతో మాట్లాడలేదు.

పోయి అడిగితే
మండీ దొరస్వామి తమలపాకుకు సున్నం రాస్తా అన్నాడు:
"పెట్టెను పైనించి చూసేవాడు కొనేవాడు పాపా.
వంచి వాసన చూసేవాడు యాపారస్తుడు.
నువ్వేంది?"
జవాబు తోచలేదు.
పెట్టె వంచి ముక్కు పెట్టినా.

ఇంటికాడ నాయనకు తెలిసింది.
"చదవమని పంపిస్తే వంకాయలు కొంటా ఉండావా?"
నిజమే. కాంతి పేపర్లో ఇరవై ఎనిమిది.
పరీక్ష ముందు రాత్రి గ్యాసుబండ అయిపోయింది,
కటకాల కంటే కట్టెలే ముఖ్యమైనాయి.
కానీ ఎర్రగడ్డ మెడ ఎండిందా లేదా వేలికి తెలిసింది.
మదనపల్లెలో వాన పడితే
ఇక్కడ రేటు ఎన్ని రోజులకు ఎగురుతుందో తెలిసింది.
తక్కెడ ముల్లు కంటే
తూచేవాడి మోచేయిని చూడాలని తెలిసింది.

మార్చి నెల కందిపప్పు లెక్క కుదరలేదు.
రెండు కిలోలు.
రాత్రంతా కూడినా, తీసినా, మళ్ళీ కూడినా.
వారానికో అరకిలో,
మునస్వామి టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో
తొట్టంబేడుకు పోతా ఉండాది.
అడిగితే ఆ మనిషి గరిట కింద పెట్టి
చేతులు తుడుచుకున్నాడు, చాలాసేపు.

దాచిపెడదామా, పట్టిద్దామా?
రెండూ కుదరలేదు నాకు.
కమిటీలో చెప్పినా. గంటన్నర కొట్లాట.
దొంగతనమని ఒకరు, ఆకలని ఒకరు,
షమీమ్ మటుకు, "ఆయన జీతమెంతో ఎవరికన్నా తెలుసునా?" అన్నింది.
ఎవరికీ తెలీదు.
ఆ పొద్దు ఎర్ర పుస్తకంలో కొత్త పద్దు:
వంటమాస్టరు ఇంటికి, కందిపప్పు, అరకిలో.
అందరం సంతకాలు చేసినాం.
మునస్వామి వేలిముద్ర వేసినాడు,
పసుపు అంటుకొనింది.

చిత్తూరు పక్కన మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
ఇంటర్వ్యూలో మేనేజరు నా మార్కులు చూసి
కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ఫిజిక్సు చదివి కొనుగోళ్ళకు ఎందుకొచ్చినావమ్మా?"
సంచీలోనించి ఎర్ర పుస్తకం తీసి ఇచ్చినా.
తిరగేసి తిరగేసి
పసుపు మరక కాడ ఆగినాడు.

ఇప్పుడు జూన్. గేటు ముందర తోతాపురి లారీలు.
ఎండకు టార్పాలిన్ వాసన,
ట్రాక్టరు కింద పడుకున్న రైతులు.
తరుగు ఎంత రాయాలో పైనుంచి ఫోన్లొస్తాయి.
నేను పెట్టె వంచి ముక్కు పెడతాను,
కాయ ఏం చెప్తే అది రాస్తాను.
కొన్నిసార్లు తిట్లు తింటాను, రెండు పక్కలా.

నిన్న పలమనేరు నించి ఒక పాప వచ్చింది,
వేసవి శిక్షణకు.
పేరు హేమావతి, బీకాం.
"నేనేం కోర్సు చేస్తే ఈ ఉద్యోగం వస్తుందక్కా?"
కాసేపు లారీల వైపు చూసి అడిగినా:
"మీ హాస్టల్లో పప్పు ఎట్లుంటాది?"
"నీళ్ళక్కా."
"ఎవరికన్నా చెప్పినావా?"