వలసమ్మగారు

మా అమ్మ పోలమ్మ దగ్గర చందువ కొంటే
ఆవిడ ముందు బొమ్మ గీసేది, తర్వాతే కూర.
అంతసేపూ చేప పళ్లెంలో పడుండేది.
"ఏటమ్మగోరూ, కంపు కొట్టీదా?"
నవ్వేది. తెలుగు రాదు, నవ్వు వచ్చు.

పేరు వ్లస్తా. దేశం చెకోస్లొవేకియా.
రెండూ అమ్మకి నోరు తిరగలేదు.
జాలరిపేటంతా ఆవిడ వలసమ్మగారైంది.

చినవాల్తేరులో మేడమీద గది.
మొగుడు ఫ్యాక్టరీ జీపెక్కి పోయాక
కొబ్బరిచిప్పల్లో రంగులు కలిపేది.
పిల్లల పుస్తకాలకి బొమ్మలేస్తాదమ్మా అంటే
"దానికి జీతమిస్తారేట్రా?"

ఓ రోజు గంప దించి, తడిచెయ్యి తుడవకుండానే
కాగితం మీద వేలు పెట్టింది అమ్మ:
"ఇది సచ్చిన సేప కన్ను.
బతికున్నప్పుడు ఏరేగుంటాది."
చేతులూపి, కళ్లు తిప్పి, నేనే చెప్పాను.
మర్నాడు తెల్లారకముందే
తెప్ప పక్కన తడి ఇసకలో మోకాళ్ల మీద ఆవిడ.
వల విప్పారు.
చేపలు కొట్టుకోవడం ఆగేలోగా
పెన్సిలు రెండుసార్లు విరిగింది.

మూడేళ్లకి వెళ్లిపోయారు.

అక్కడ వీధుల్లోకి ట్యాంకులొచ్చాయనీ
పెట్టమన్న సంతకం ఆవిడ పెట్టలేదనీ
ఇరవయ్యేళ్లు జామ్ సీసాలకీ అగ్గిపెట్టెలకీ
పేరులేని బొమ్మలేసి బతికిందనీ
పోయాక, కొడుకు రాసిన ఉత్తరంలో తెలిసింది.
హార్బర్‌లో ఓ ఇంజనీరు చదివి పెట్టాడు.

ఉత్తరంతో ఒక పుస్తకం.
అట్ట మీద ఎవరిదో పేరు.
లోపల ఓ ఆడ ఎలుగుబంటి
ఇంటింటికీ తిరిగి చేపలమ్ముతోంది.
నెత్తిన గంప, గంప కింద చుట్టకుదురు,
మోచేతి కింద మూడు పచ్చబొట్టు చుక్కలు.

అమ్మకి అప్పటికే కళ్లలో శుక్లాలు.
పేజీ ముక్కుకి ఆనించుకుంది.
చుక్కలు చూసి తన చెయ్యి చూసుకుంది.
ఎలుగుబంటి చుట్టూ తెల్లటి నేలని తడిమి
"ఇంత ఉప్పే! ఎన్ని సేపలు ఎండెట్టిందో" అంది.
అది మంచని నేను చెప్పలేదు.

ఇప్పుడు నాది బోట్ల మీద నంబర్లు రాసే పని.
నంబరయ్యాక ముక్కు దగ్గర ఒక కన్ను వేస్తాను,
బతికున్న చేపది.
"దానికి డబ్బులివ్వను" అంటాడు ఓనరు.
వద్దులే అని
బ్రష్షు మళ్లీ ముంచుతాను.