రెండో భాగం

గుంతకల్లు పార్సిలాఫీసులో
తక్కెడ పక్కనే నా కుర్చీ.
మామిడిపండ్ల బుట్టలు, గోనె చుట్టిన మోటారు సైకిళ్లు,
ఒకసారి పంజరంలో నాలుగు పావురాలు,
అన్నిటికీ బరువు రాసేది నేనే.
నా సొరుగులో మాత్రం
బరువు రాయని రాజ్యం ఒకటుంది.

నాకు నలభై మూడు.
నవల్లో పిల్లకు పదిహేడు.
దాని నెత్తురు వెండి రంగంట.
శత్రువు కొడుకు చెయ్యి తగిలితే
మణికట్టు దగ్గర మెరుస్తాదంట.
ఈ వయసులో ఇవేం పుస్తకాలు వన్నూరక్కా అని
టికెట్ల కాడ చంద్రకళ నవ్వుతాది.
నవ్వనీ.
నా పదిహేడులో నేను చదివింది
టైపు పరీక్షకు.

ఖాదర్ బాషా అంగట్లో అద్దె రోజుకు మూడు రూపాయలు.
ప్రతి పుస్తకంలో ఎవురిదో పసుపు వేలిముద్ర,
ఉగ్గాని తింటా చదివినట్టున్నారు,
కత్తియుద్ధం వచ్చిన పేజీలో చెయ్యి కడుక్కోను కూడా లేసినట్టు లేదు.

డ్రాగన్‌ను నమ్మినా.
కోటగోడ మీద అది పిల్లి మాదిరి
ముడుచుకొని పండుకుంటాదంటే నమ్మినా.
అద్దంలో నుంచి దారి ఉందంటే
ఉంటాదిలే అనుకున్నా.
పదకొండు దినాలు ఆగకుండా వాన కురిసిందన్న కాడ మాత్రం
పుస్తకం మూసి, బయటికొచ్చి
ఆకాశం చూసినా.
అవతలి లైనులో గూడ్సు,
దాని మీద బళ్లారి ఎర్ర దుమ్ము.
అనంతపురం మనిషి ఏమైనా నమ్ముతాది గానీ
అంత వాన నమ్మించాలంటే
రాసినోళ్లు ఇంకొంచెం కష్టపడాల.

మొదటి భాగం చివర
తెగిన వంతెన మీద వాడు చెయ్యి చాపినాడు.
అంతే. అయిపోయింది.
రెండో భాగం తీసుకుపోయినోళ్లు
తిరిగి తేలేదన్నాడు బాషా.
మూడో భాగం తెరిస్తే
ఆ పిల్ల వాడి గొంతు మీద కత్తి పెట్టి
ఏడుస్తా ఉంది.

నడుమ ఏమైంది?

నెల దినాలు నేనే కట్టుకున్నా ఆ నడిమి కథ,
రసీదులు చింపతా, సీళ్లు వేస్తా.
ముద్దు ఖాయం. యాడ అనేదే తేలలా.
మా పాదచారుల వంతెన కింద నిలబెట్టినా ఇద్దర్నీ,
హుబ్లీ ప్యాసింజరు లేటు చేసినా.
ఈ నవలల్లో ఎవురూ తినరు,
నాకదే బాధ,
అందుకని మిరపకాయ బజ్జీలు పెట్టిచ్చినా.
రాకుమారుడు కారానికి కండ్లల్లో నీళ్లు పెట్టుకుంటే
అది నవ్వింది,
మణికట్టు మెరిసింది.
ఇంతవరకు బాగానే వచ్చింది.
వాని చేత ద్రోహం చేయించడమే
నా వల్ల కాలా.
మూడుసార్లు పంపించినా,
మూడుసార్లూ సగం దారిలో వెనక్కి పిలుచుకున్నా.

మొన్న గార్డు తిప్పేస్వామి రిటైరైనాడు.
రాయదుర్గానికి సామాన్లు వేసేకి వచ్చినాడు.
నల్లపెట్టె తెరిచి జాబితా రాస్తున్నా:
పచ్చజెండా, ఎర్రజెండా, చేతిదీపం,
ఊదల్,
రెండో భాగం.

మా మనవరాలికమ్మా, అన్నాడు.
ఉందా సార్ మనవరాలు?
పట్టాల కల్లా చూసినాడు కొంచేపు.
లేదు.
రెండేండ్లాయె. రోజుకు మూడు, లెక్క కట్టినా,
రెండువేల నూట తొంభై.
భయమై ఆ అంగడి వీధిలోకే పోలేదు.
గూడ్సు చివరి పెట్టెలో రాత్రంతా
ఎర్రదీపం, నేను.
ఆ పిల్ల ఉంటే తోడుగా ఉన్నట్టుండె.

ఒకటే అడిగినా.
వాళ్లు ఏమన్నా తిన్నారా సార్, ఇందులో?
శానాసేపు ఆలోచించినాడు పెద్దాయన.
లేదమ్మా. యాడా తినలా.

అయితే నాదే మేలనుకున్నా.
అనుకొని కూడా
తెల్లారేలోపల మొత్తం చదివేసినా.
వాడు ద్రోహం చేసినాడు, నిజమే,
రాసినామెకు నా కంటే గుండె గట్టిది.
ముద్దు మాత్రం నూటాయాభై ఆరో పేజీలో.
అంచు మీద పెన్సిలుతో
రైలోళ్ల గుండ్రటి రాత:
గార్లదిన్నె లూపు. రాత్రి రెండూ నలభై.
సిగ్నలు ఇంకా పడలేదు.
మంచిదైంది.