మూడో గేరు

ఏడింటికి రమ్మంటే ఆరున్నరకే వచ్చింది,
ఇంజను ముందే వేడెక్కించి పెట్టుకునే వీలు
నాకు లేకుండా.

హెల్మెట్టు తియ్యకముందే
సిలిండరు మీద అరచెయ్యి ఆనించింది,
జ్వరం చూసే తల్లిలా కాదు,
చేప మొప్ప ఎత్తి చూసే బేరగత్తెలా.
"చల్లగానే ఉంది, మంచిది."

పేరు ఇడలీనా.
సార్డీన్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
నేరుగా వచ్చిందట, గోళ్ల కింద ఇంకా పొలుసులు.
మతొజీన్యుష్ రేవు మీద పొగమంచు,
క్రేన్లకు తలలు లేవు.
గరాజు తలుపు సగమే ఎత్తాను,
పైన గ్రసిండా నిద్ర చెడకూడదని.

ప్రకటనలో నేను రాసింది:
ఆరువందల సీసీ. ఎరుపు. ఒక్కడే యజమాని.
వానలో తడవలేదు. ఎన్నడూ పడలేదు.
ఈ ఊళ్లో వానకు తడవనిది
మా వంటింట్లో ఉప్పు డబ్బా ఒక్కటే.

ఆ అమ్మాయి ఏమీ అడగలేదు.
తెల్ల రుమాలు తీసి
ముందు ఫోర్కు గొట్టం చుట్టూ తిప్పింది.
కాటుక గీతంత నూనె.
రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది, సాక్ష్యంలా.
గొలుసు వేలితో లాగి చూసింది,
చక్రం పళ్లు ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి
గాలివాటు గడ్డిలా.

టైరు దగ్గర చాలాసేపు కూచుంది.
రోజూ పనికెళ్లే బండికి నడుమ అరుగుతుంది.
దీనికి అంచులు అరిగాయి.

తర్వాత, నేను అనుకోనిది:
నేల మీద వెల్లకిలా పడుకుని
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని కిందికి దూరింది.
ఆయిలు బోల్టు తలకి
సూది బెజ్జమంత కన్నం,
రేసు ట్రాకు మీద బోల్టు ఊడకుండా
తీగ కట్టడానికి.
"పొర్తిమావ్ వెళ్లావా?" గొంతు బండి కిందనుంచి.
"రెండుసార్లు."
వెళ్లింది ఏడుసార్లు.

లేచి, ఒళ్లు దులుపుకుని
హ్యాండిలు అటూ ఇటూ తిప్పింది.
క్లచ్చి లివరు ఎండకి వెలిసిపోయింది.
బ్రేకు లివరు మాత్రం
అరువు ఉంగరంలా మెరుస్తోంది.
మెడ దగ్గర, హ్యాండిలు వచ్చి తగిలే చోట
ఇనుములో చిన్న సొట్ట.
అక్కడ బొటనవేలు పెట్టి అడిగింది:
"కుడివైపు. ఎప్పుడు?"

గుమ్మడికాయల మాట ఎవరూ ఎత్తలేదు.
నా చెయ్యే భుజం మీదికి పోయింది.

పడవ తాడు లాగుతుంటే బెణికిందని
గ్రసిండాకు చెప్పి మూడేళ్లు.
నూనె కాచి మర్దనా చేసింది పాపం,
ఏ పడవ అని అడగలేదు.

"నాలుగొందల యూరోలు తగ్గించు" అంది ఇడలీనా,
కోపం లేదు, తూకం వేసిన మాట.
డబ్బంతా నా చేతిలో పెట్టి
"ఒక చుట్టు తిరిగొస్తా" అని తాళం తీసుకుంది.

ఇంజను మొదటి దెబ్బకే అందుకుంది.
దాని గొంతు నాకు తెలుసు,
మొదటి గేరు, చేపల సంత దాకా.
రెండు, చర్చి మలుపు.
ఆపైన ఎత్తు.

ఒక్క సంగతి చెప్పలేదు నేను.
ఎత్తు మీద ఒత్తి తోలితే
మూడో గేరు పట్టు వదిలేస్తుంది.
చల్లని ఇంజనుకు తెలీదు, రుమాలుకు అంటదు,
టార్చికి కనపడదు.
నోట్లు లెక్కపెడుతున్నాను, లెక్క తప్పుతోంది.

పొగమంచులో ఎక్కడో
ఇంజను ఒక్కసారి ఖాళీగా అరిచింది,
మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా.
తర్వాత ఏమీ లేదు.
ఓడ కూత ఒకటి.

పైన కిటికీ తెరుచుకుంది.
గ్రసిండా, నిద్ర లేని గొంతుతో:
"ఆ పిల్లకి మూడో గేరు సంగతి
చెప్పావా, లేదా?"

నేను తలెత్తలేదు.
వీధి చివర ఒంటి దీపం
మెల్లగా, రెండో గేరులో, వెనక్కి వస్తోంది.