రాత్రిపూట ఎవరో తాగేస్తున్నారు

నరీన్ నది గడ్డకట్టిన నెలలో
మా లోయ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క అంబులెన్సు,
బ్రెడ్డుముక్కకి చక్రాలు తగిలించినట్టుండే పాత రష్యా బండి,
ప్రతి సోమవారం చచ్చిపోయేది.

శుక్రవారం సాయంత్రం దాకా బాగానే తిరిగేది.
శని, ఆదివారాలు షెడ్డులో నిలబడేది.
సోమవారం తాళం తిప్పితే
టక్.
ఎవరో నాలుక చప్పరించినట్టు.
అంతే.

డ్రైవరు సబిర్‌కుల్ ముందు బ్యాటరీని తిట్టాడు.
సగం జీతం పోసి కొత్తది తెచ్చాడు. అదీ చచ్చింది.
తర్వాత చలిని తిట్టాడు, ఆ తర్వాత డైనమోని,
ఆఖరికి ఈ బండిని చేసిన ప్రభుత్వాన్ని.
అది ఎప్పుడో కూలిపోయిందని గుర్తుచేస్తే
ఉన్న ప్రభుత్వాన్ని.

మా అమ్మ అక్కడ నర్సు.
"అరుపులు చాలు, బురులై ఆపాని పిలవండి" అంది.

బురులై ఆపా మెకానిక్కు కాదు.
ముప్పైయేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
తెగిపోయిన మాటలు ఎక్కడ తెగాయో వెతికిన మనిషి.
అది మూతపడ్డాక గొర్రెలు కాస్తోంది.
కోటు జేబులో మాత్రం ఇప్పటికీ
ఒక బల్బు, దానికి రెండు తీగలు.

రాత్రంతా చార్జింగు పెట్టిన బ్యాటరీకి
నెగెటివ్ తీగ ఊడదీసి
ఆ సందులో తన బల్బు కలిపింది.
తాళంచెవి సబిర్‌కుల్ జేబులోనే ఉంది.
లైట్లన్నీ ఆర్పి ఉన్నాయి. రేడియో ఆ బండి పుట్టి ఎరగదు.
అయినా బల్బు వెలిగింది,
జ్వరమొచ్చిన కన్నులా,
నీరసంగా.

"చూశావా, ఇది నిద్రపోవట్లేదు" అంది ఆపా.
"రాత్రిపూట ఎవరో తాగేస్తున్నారు."

నాకు పదకొండేళ్లు. టార్చి పట్టుకోవడం నా ఉద్యోగం.
మనం చూడాలనుకున్న చోట కాదు,
వాళ్లు చూస్తున్న చోట వెలుతురు వెయ్యాలి.
ఇది నేర్చుకునేలోపు ఎన్ని తిట్లు తిన్నానో.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకింది.
ఉన్నవే ఆరు. ఆరూ పీకినా బల్బు ఆరలేదు.
డాష్‌బోర్డు కింద దూరి పడుకుంది.
అక్కడ నలభైయేళ్ల డ్రైవర్లందరూ ఉన్నారు:
ఎర్రతీగకి నీలం అతికినవాడు,
టేపు దొరక్క గాయాల ప్లాస్టరు చుట్టినవాడు,
ఒకచోట ఆపరేషన్ దారంతో ముడి.
"ఇక్కడెవరో కుట్లు వేశారే!"
కింద నుంచి నవ్వు, దాని వెనక దగ్గు.

పీకిన వాటిలో ఒక ఫ్యూజు పగిలింది.
"స్పేరుది ఆ డబ్బాలో ఉంటుంది, చూడు."
డాష్‌బోర్డు మీద బిగించిన రేకు డబ్బా.
దాని మీద ఆసుపత్రి పిల్లి. ఎప్పుడూ అక్కడే దాని పడక.
లేవనని మొండికేసింది. ఎత్తి పక్కన పెట్టి
మూత తెరిచాను.

"ఏం ముట్టుకున్నావురా!"
భయపడి మూసేశాను.
"ఇప్పుడేం చేశావు?"
"మూశాను ఆపా."
"తెరు."
ఆమె బల్బు ఆరింది.
"మూయి."
వెలిగింది.
"టార్చి ఆర్పు. ఆ మూత సందులో కన్ను పెట్టు."

లోపల, మసకపసుపు రంగులో, ఒక చిన్న గది.
ఫ్యూజులు, సూది, ఎండిన పెరుగుండ,
పేపర్లోంచి కత్తిరించిన చదరంగం లెక్క.

పాత డ్రైవరు ఇసాబెక్ పని అది.
కాన్పు గది బయట తెల్లవార్లూ కాచుకునేటప్పుడు
ఎత్తులు ఆలోచించుకోవడానికి
డబ్బాలో దీపం పెట్టుకున్నాడు, ఫ్యూజు లేకుండా.
మొన్న వేసవి రిపేరులో ఎవడో
దాని బటన్ తిరగేసి బిగించాడు.
తెరిస్తే ఆరుతుంది. మూస్తే వెలుగుతుంది.
ఇక చూడబోయినవాడికి ఏం కనబడుతుంది?

"వేసవి నుంచా?" అన్నాడు సబిర్‌కుల్.
"వేసవి నుంచే."
పగలబడి నవ్వాడు.
నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.
డిసెంబరులో ఒక సోమవారం
ఒరోజ్‌కాన్‌ని ట్రాక్టరు మీద తీసుకెళ్లారు,
కంబళ్లు కప్పి, కనుమ దాకా.
మా అమ్మ గుమ్మం దగ్గర నిలబడి
చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి లేకపోయినా.

బల్బు తనే విప్పాడు సబిర్‌కుల్.
పారెయ్యలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు.
ఆపా పైసా తీసుకోలేదు,
గొర్రెలకి రెండు మూటల గడ్డి అడిగింది.

మర్నాడు పొద్దున బండిలోకి ఎక్కి చూస్తే
డబ్బా మీద పిల్లి.
ఒకసారి గుండ్రంగా తిరిగింది,
పడుకుంది, లేచింది,
మూతని ముక్కుతో పొడిచి
నా వైపు చూసి గట్టిగా అరిచింది.