పదకొండో గడి

గ్రిమ్స్‌బీ శ్మశానాల ఆఫీసులో
పదకొండో గడి దగ్గర ఆగింది డొరీన్ ప్లాస్కిట్ పెన్ను:
"సమాధిలో ఇంకెవరైనా ఉన్నారా?"

రిజిస్టరు తిప్పాను.
1962 ఫిబ్రవరి. పాప. ఊపిరి లేదు. పేరు లేదు.
పై వరసలో ఎడిత్ థ్యూలిస్, డెబ్బై, వంటమనిషి.
నర్సులు చూడనివ్వని బిడ్డను
ఆ ముసలామె పెట్టెలోనే సర్దేశారు.

తవ్వాలంటే ఎడిత్ తాలూకు వాళ్ల సంతకమూ కావాలన్నాను.
చట్టానికి శవం ఎవరి సొత్తూ కాదన్న మాట
మింగేశాను.

డొరీన్ కళ్లజోడు తుడుచుకుంది.
"పిల్లలున్నారా ఈవిడకి?"
లేరు.
"చేతులు ఎలా పెట్టి పాతారో రాసుంటుందా?"
అలాంటి గడి లేదమ్మా.

దరఖాస్తు మడిచి
సంచిలో చేపల పొట్లం పక్కన పెట్టుకుంది.
ఫీజు వాపసు రాదన్నాను.
రాకపోనీ అంది.
శనివారం గేటు ఎన్నింటికి తీస్తారో అడిగి
ఎడిత్ ఇంటిపేరు
అక్షరం అక్షరం రాయించుకుంది.