మధ్యలో దిగడం కుదరదు

సఖినేటిపల్లి రేవు పక్కన నా కొట్టు.
బోర్డు మీద విమానం తోక
ఉప్పుగాలికి ఎప్పుడో రాలిపోయింది.
లోపల ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు,
పంటు ఆలస్యమైనప్పుడల్లా
ఫ్యాను కోసం వచ్చి కూచునే జనం.

యూదితమ్మ కువైట్ నించి ఫోన్ చేసేది
శుక్రవారం, ఆ ఇంట్లో అందరూ నిద్రపోయాక.
పద్దెనిమిదేళ్ళ వంట.
వాళ్ళ పెద్దపిల్ల బడికెళ్ళే రోజుల్లో
సరదాకి ఈమె పేరు విమానం వాళ్ళ ఖాతాలో ఎక్కించిందట.
అప్పట్నించి ప్రతి రాకకీ పోకకీ మైళ్ళు.
నడవని మైళ్ళు,
బియ్యం డబ్బా అడుగున దాచిన నోట్లలా.

"ఎన్నయ్యాయండి?" అనేది.
అంకె చెప్తే కాసేపు మాట్లాడేది కాదు.
"మన రేవు నించి నర్సాపురం ఎన్ని మైళ్ళండి?"
"మైలు కూడా ఉండదమ్మా."
"అయితే చాలాసార్లు దాటొచ్చు." నవ్వేది.

ఆమె అడిగింది ఒకటే, కొలంబోలో ఆగటం.
వచ్చిన ప్రతిసారీ ఏడు గంటలు అద్దానికి ఇవతల,
అవతల కొబ్బరిచెట్లు.
"అచ్చం మనయ్యేనండి, వంగిన తీరు కూడాను.
ఒక్కరోజు దిగి, బొండం కొట్టించుకుని
నీళ్ళు ఎలా ఉంటాయో చూడాలి. అంతే."

పాత రూల్లో ఆగొచ్చు.
రానూ పోనూ కలిపి తీసుకుంటే
దారిలో ఒక ఊరు ఊరికే.
కాని ఈమెకి ఇంక పోవటం లేదు, రావటమే.
ఒకవైపుకే రెండువైపుల మైళ్ళూ గుంజేవాళ్ళు.
ఇంకో ఏడాది పోగెయ్యమ్మా, అన్నీ సరిపోతాయి
అన్నాను.
ఆ మాట నాదే.

మొన్న ఒకటో తారీకున రూలు మారింది.
పదకొండు పేరాల ఇంగ్లీషు, సారం రెండు ముక్కలు:
ఒకవైపు టికెట్టు ఇక సగం మైళ్ళకే.
మధ్యలో దిగడం ఇక కుదరదు.

కేజీకి పది పెంచి
ఐసు కింద అరకేజీ కోసేసే
రొయ్యల కొనుగోలుదార్లని చూశాను గాని,
ఇంత మర్యాదగా "ప్రియమైన సభ్యులారా" అని
మొదలుపెట్టినవాణ్ణి చూళ్ళేదు.

మా మాటల్లో ఒకవైపు టికెట్టు లేదు.
చావింట్లోంచి లేచేవాళ్ళు తప్ప
గడప దాటే ప్రతివాడూ "వెళ్ళొస్తా" అంటాడు.
పంటెక్కి అవతలికి పోయే మనిషీ అంటాడు,
రాత్రికి రాకపోయినా.
ఆ మాట మీద పెరిగిన వేలితో
"వన్ వే" అన్న గడిలో టిక్కు పెట్టాను.

"సగం మిగిలిపోతాయమ్మా."
"ఎవరికైనా ఇవ్వొచ్చా?"
"కుదరదు. రెండేళ్ళకి మురిగిపోతాయి."
"చేపల్లాగానా?" అంది.

వచ్చినరోజు, ఎందుకో,
కొట్టుకి తాళం వేసి నర్సాపురం వెళ్ళాను.
తాడుకట్టిన రెండు పెట్టెలు, ఒక కంబళి, ఆమె.
ఫోన్లో గొంతు కంటే పొట్టి.

పంటు సగం దాటేసరికి పాటు లాగేసింది.
ఇసకమేట మీద గేదెలా కూచుంది.
మోటారు ఆపేశారు. గంటో, గంటన్నరో.
బైకుల వాళ్ళు హారన్లు కొట్టారు, గోదారికి వినబడేలా.
అమ్ముడుపోని బొండాలతో తిరిగొస్తున్న సైకిలాయన
బేరం దొరికిందని కత్తి తీశాడు.

ఆమె చెప్పులు విప్పింది.
పలక అంచు పట్టుకుని
చీలమండల లోతు నీళ్ళల్లోకి దిగింది.
"అమ్మా, మధ్యలో దిగకూడదు!"
సరంగు పైనించి అరిచాడు.
నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

రెండు చేతులా బొండం ఎత్తి
ఆఖరి గుక్కదాకా తాగింది.
"ఎలా ఉన్నాయమ్మా?"
"ఉప్పు తగుల్తుందండి."
"రొయ్యల చెరువుల పుణ్యం," అన్నాడు సైకిలాయన,
పది తగ్గించి తీసుకున్నాడు.

ఆమె సముద్రం వైపు చూస్తా
"అక్కడియ్యి తియ్యగా ఉండుంటాయి," అంది.

పోటు మొదలైన సంగతి
మా అందరికంటే ముందు
ఆమె అరికాళ్ళకే తెలిసినట్టుంది.
ఎక్కి, చెప్పులు వేసుకుంది.