వాచీ బెల్టు

చిలకలగూడ, మూడో అంతస్తు.
ఫ్యాను కన్నా గట్టిగ మూలిగే కుర్చీలు.
లీలావతి మేడం గోడకు
రంగుల చక్రం ఒకటి అంటించింది,
సర్వపిండి అంత గుండ్రంగ,
ముక్కకో భావం, అన్నీ ఇంగ్లీషుల.
"ఇప్పుడు మీకేమనిపిస్తుంది భిక్షపతి గారూ?"
"మంచిగనే ఉంది మేడం."
"మంచిగ అంటే?"

పదకొండేండ్ల సంది
భోలక్‌పూర్ యువకేంద్రంల నౌకరీ నాది.
తుక్కు గోదాముల కాంచి పోరగాండ్లను పట్టుకొచ్చి
రాత్రిబడిల కూసోబెడ్త,
కాంటా మీద కిలోలు చదివే కండ్లకు
అక్షరాలు చూపెడ్త.
ఇన్నేండ్లు నా తాన రెండే మాటలు:
మంచిగున్న.
దిమాక్ ఖరాబైంది.
ఈ రెంటి నడుమ
ఒక్క బస్టాపన్నా ఉంటదని
నాకెవ్వరు చెప్పలె.

చాయ్ టైముల ఒక పెన్ను అడుక్కొని
చక్రం అంచు మీద మా నాయనమ్మ మాటలు రాసిన.
రంది. బుగులు. మనాది. యాష్ట.
బుగులుకు, భయానికి ఫరకేందని మేడం అడిగింది.
"భయం కుక్కను చూస్తే అయితది మేడం,
బుగులు కుక్క లేని గల్లీల అయితది."
ఆమె నవ్వలె. నోటుబుక్కుల రాసుకున్నది.
నా మాట ఒకరు రాసుకునుడు
అదే ఫస్టుసారి.
అప్పుడు లోపల కదిలినదానికి
చక్రంల గడి దొరకలె.

మూడో దినం, ముషీరాబాద్ మెట్రో కింద
ట్రాఫిక్కుల ఇరుక్కొని పాఠం నెమరేసుకున్న:
ముందు ఆగాలె.
అది ఒంట్ల ఎక్కడ కూసున్నదో దేవులాడాలె.
పేరు పెట్టి పిలవాలె.
పిలిస్తే పలుకుతదట,
పలికినంక సగం దిగుతదట.

సోమవారం రాత్రి క్యారం బోర్డు కాడ
జహంగీర్ స్ట్రైకరు ఇసిరి
మోజెస్ నుదురు పగలగొట్టిండు.

ఆగిన.
దవడ కింద, ఎడమ పక్క, మరుగుతుంది.
యాష్ట కాదు. కోపం సుత కాదు.
"జహంగీర్, నాకు బుగులైతుందిరా."
నా గొంతు నాకే కొత్తగ ఇనబడ్డది.

పౌడరు గాలిల తేలుతుంది.
వాడు నా చెయ్యి దిక్కు చూసిండు.
"అన్నా, ఇయ్యాల బెల్టు ముట్టలె నువ్వు."
"ఏం బెల్టురా?"
"వాచీది. గరమయ్యే ముందట
ఒక బొక్క బిగిస్తవ్ గదా.
అప్పుడు మేం తలుపు దిక్కు జరుగుతం.
రెండు బొక్కలైతే
రఫీక్ చెప్పులు చేతిల పట్టుకుంటడు."
అందరు తలలూపిండ్రు,
నుదుటికి బట్ట అద్దుకున్న మోజెస్ సుత.
పెద్ద పోరగాండ్లు పోయేటప్పుడు
కొత్తోళ్లకు ఈ ముచ్చట అప్పజెప్పి పోతరట,
క్యారం బిళ్లలతోటి పాటు.

"ఎక్కడ నేర్చుకున్నవ్‌రా ఇదంత?"
"మా మెట్ల మీద. అబ్బా మూడో మెట్టు కాడ ఆగితే
అమ్మీ పొయ్యి ఆర్పుతది."

నేనేం అనలె.
సంచిల కాంచి చక్రం జిరాక్సు తీసిన.
రంగులు పోయి బూడిద లెక్క ఉన్నది.
జహంగీర్ ఏలు ఇంగ్లీషంత దాటి
అంచు మీద ఆగింది.
"ఇదేంది?"
"మనాది."
"అంటే?"
నాకు చెప్ప రాలె.
నాయనమ్మ ఎన్నడు అర్థం చెప్పలె,
ఊకె మనాది పట్టి పడుకునేది.

"తిన్నా తిననట్టు ఉంటదే, అది,"
అన్నడు మోజెస్, బట్ట తియ్యకుంటనే.
జహంగీర్ వాని దిక్కు చూడకుంట
"హౌ," అన్నడు,
"శనివారం మా గోదాంకు తాళమేసిండ్రు.
వీడు నవ్విండు."
"నేను నీ మీద నవ్వలె."
"మరి?"
"మాది సుత ఏసిండ్రు."

ఎవ్వరు ఏం మాట్లాడలె చానాసేపు.
ఎంతైందో చూద్దామని చెయ్యెత్తిన.
కండ్లన్ని చెయ్యి మీదనే.
"టైమే చూస్తున్నరా," అన్న.
ఎనిమిదిన్నర.
రఫీక్ ఒక్కడు
ఇంక చెప్పులు కింద పెట్టలె.